ఒక్క చరుపు

“ఎందుకాపావు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, లారీ తలుపు మీద చెయ్యేసి.

పిచ్చుక పళ్ళు కొరికింది. లారీ వెనక చక్రాలు సున్నపు గీతల మధ్య సగం దూరంలో నిలిచిపోయి ఉన్నాయి. రివర్సు మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పరీక్ష తప్పినట్టే. ఇది రెండోసారి.

“వెనక ఎవరో దడి రేకు మీద చరిచారు సార్.”

“చరిస్తే?”

“చరిస్తే ఆపాలి కదా సార్!”

“ఇక్కడ నా చేతిలో జెండా ఆడితే కదలాలి, దించితే ఆగాలి. రేకుల సంగతి నాకు తెలీదు. రేపొక్కటే నీకు మిగిలింది. అదీ పోతే మళ్ళీ ఏడాది దాకా ఈ గేటు తొక్కకు.”

షెడ్డులో వంతు కోసం కూర్చున్న మగాళ్ళు పగలబడి నవ్వారు. అంత పెద్ద స్టీరింగు వెనక ఇంతే కనబడుతుందని ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది వాళ్ళే.

ఆమె తప్పేమీ లేదు. తండ్రి లారీ డ్రైవరు. సరుకు దించే ఆవరణలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. లారీ వెనక్కి వస్తున్నప్పుడు వెనకున్నవాడు బాడీ మీద రెండు చరిస్తే రమ్మని, ఒక్కటి చరిస్తే ఆపమని. “ఒక్క చరుపు వినబడిందా, ఇక ఆలోచించకు. కాలు ముందు, బుర్ర తర్వాత. వెనక ఎవరి బిడ్డ ఉందో నీకు కనబడదు” అనేవాడు. అని అని, ఆ చప్పుడుకి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేలా చేసి, ఒకరోజు లోడుతో వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన చెప్పులూ టార్చిలైటూ మాత్రం ఇంటికొచ్చాయి.

గేటు దాటి బయటికొచ్చేసరికి అమ్మ టీ కొట్టు పక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

“టీ ఒలికిందే. ఏమైంది? మళ్ళీ తప్పించాడా? వాడి నోట్లో మన్ను పడ! ఆడపిల్లంటే అంత అలుసా? పద, ఇప్పుడే అడిగేస్తాను.”

“అతను కాదమ్మా. ఎవడో రేకు మీద కొడుతున్నాడు. మొన్నా అంతే.”

మైదానం చుట్టూ పాత రేకుల దడి. రివర్సు గీతలు సరిగ్గా దాని ముందే ముగుస్తాయి. అవతల ఈ టీ కొట్టు.

“గాలికి కొట్టుకుందేమో” అంది అమ్మ.

“గాలి లెక్కపెట్టి ఒక్కటే కొడుతుందా?”

పిచ్చుక చూపు టీ కొట్టు బల్ల మీదికి పోయింది. దడికి వీపు ఆనించి హారన్ మామ కూర్చున్నాడు. గొంతు పెద్దదని ఆ పేరు. నాన్న లారీకి ఒకప్పటి క్లీనరు. సోమవారంలోగా ఎవరు లైసెన్సు తెస్తే కొత్త లారీ వాళ్ళదేనన్నాడు ట్రాన్స్‌పోర్టు యజమాని. అదే లారీ కోసం హారన్ బామ్మర్ది కూడా పరీక్షకొస్తున్నాడు.

“ఏం పిల్లా, మళ్ళీ మొరాయించిందా బండి?” అన్నాడు హారన్.

“బండి కాదు మామా. మనుషులు!”

“నామీద అరుస్తావేంటే?”

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఒకప్పుడు నాన్న కంచంలో తిన్న మనిషి!

మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి టిఫిను కట్టింది.

“ఆ లారీ ఎక్కితే పది పదిహేను రోజులు ఇంటి మొహం చూడవు కదే?”

“మళ్ళీ మొదలుపెట్టకమ్మా.”

“నేనేమన్నానే? మీ నాన్ననే ఆపలేదు, నిన్ను ఆపుతానా?”

“అయితే ఒక పని చెయ్యి. నా వంతు వచ్చినప్పుడు దడి దగ్గరే నిలబడు. హారన్ గాడు రేకు మీద చెయ్యేస్తే వీపు మీద నాలుగు తగిలించు.”

“అలాగే” అంది అమ్మ.

క్యాబిన్‌లోకి ఎక్కాక కూడా పిచ్చుక కోపం దిగలేదు. వీడి పీడ వదిలేదెలా? కళ్ళెదురుగా మందుల పెట్టె కనబడింది. తెరిచి, దూది తీసి, రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. జుట్టు ముందుకి లాక్కుంది. నాన్న మాటకి అడ్డంగా దూది పెట్టినట్టనిపించింది. “నన్ను తిట్టుకోకు నాన్నా, అద్దాల్లో చూస్తూనే ఉంటాను” అనుకుంది.

జెండా ఆడింది. లారీ వెనక్కి కదిలింది. లోకమంతా నీళ్ళలో మునిగినట్టుంది. కాలు బ్రేకు కోసం తహతహలాడుతోంది. ఎడమ అద్దంలో గీత, కుడి అద్దంలో గీత, మధ్యలో దడి దగ్గరవుతోంది. జెండా దిగింది. బ్రేకు నొక్కింది.

ఇన్‌స్పెక్టరు గీతలు చూసి, మొదటిసారి తల ఊపాడు.

దూది పీకేసేసరికి షెడ్డులోంచి హారన్ పరిగెత్తుకొస్తున్నాడు.

“రేకు ఊడిపోయేలా మోగుతుంటే ఎలా రానిచ్చావే పిల్లా! ఒక్కోటీ ఆగి ఆగి, ఆపమన్నట్టే! నేనైతే చచ్చినట్టు ఆపేసేవాణ్ణి.”

“మామా, నువ్వు... లోపలే ఉన్నావా?”

“ఇందాకట్నుంచీ. తర్వాతి వంతు బామ్మర్దిది కదా. నిన్న నా మీద ఎగిరావు గానీ, మీ నాన్న ఉంటే ఇవాళ మీసం మెలేసేవాడే!”

ఆమె ఒక్క గెంతులో కిందికి దిగింది. మరి ఎవడు? దొరికితే చీరెయ్యాలి. పిడికిళ్ళు బిగించి గేటు దాటి, దడి చుట్టూ పరిగెత్తింది. టీ కొట్టు ఇంకా తెరవలేదు. బల్ల ఖాళీ. అమ్మ ఒక్కతే కుళాయి తిప్పుతోంది. ఇవాళ నీళ్ళు రావడం లేదు.

“పాసయ్యానమ్మా!”

అమ్మ “మంచిదే తల్లీ” అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఎవడమ్మా వాడు? ఎటు పోయాడు? నువ్విక్కడే ఉన్నావుగా, చూళ్ళేదా? చెప్పవేం?”

పిచ్చుక కోపం పట్టలేక అమ్మ చేతులు రెండూ ముందుకి లాగింది.

అరచేతుల నిండా రేకు తుప్పు.