గంట దూరంలో మ్యూనిక్

"సిద్ధన్నా, వియన్నా నుంచి మ్యూనిక్‌కు ఎంత దూరం?"

గంగాదేవి అడిగిన తీరు చూస్తే రాజంపేట నుంచి కడపకు బస్సు సంగతి అడుగుతున్నట్టే ఉంది. సిద్ధయ్య కారు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని ఫోన్ తీశాడు. అతను ఈ ఇంట్లో డ్రైవరుగా చేరి నెల కూడా కాలేదు. సొంత జిల్లావాడని గంగాదేవికి అప్పుడే చనువు.

"రోడ్డున పోతే మన కడప నుంచి హైదరాబాదుకు పోయినంత. విమానంలో అయితే గంటే. ఎందుకుమ్మా?"

అది చెప్పడానికేగా ఆమె వంటిల్లు వదిలి వచ్చింది! ఆమె తోడబుట్టిన పెద్దక్క కూడా కువైట్‌లోనే ఇంటిపని చేస్తోంది. ఈ ఎండాకాలం పెద్దక్కను వెంటబెట్టుకుని ఆ ఇంటివాళ్లు వియన్నా పోయారు. యజమానికి మోకాలి నొప్పి. డాక్టరుకు చూపించడానికి అక్కడి నుంచి మ్యూనిక్ వస్తారట. గంగాదేవి 'మామా' అని పిలిచే యజమానురాలు కూడా పిల్లలతో మ్యూనిక్కే పోతోంది. పిల్లల్ని చూసుకోవడానికి గంగాదేవి ఉండాల్సిందే. కాలం కలిసిరావడమంటే ఇదే.

అక్కను ఎదురుగా చూసి మూడేళ్లయింది. ఫోన్లో మాటలతో కడుపు నిండుతుందా? అమ్మ పోయినప్పుడు కూడా ఎవరి గదిలో వాళ్లు ఏడ్చారు.

సిద్ధయ్యకు ఇదేమీ మింగుడుపడలేదు. "ఈడుండే అక్కను చూసేదానికి ఆడిదాకా పోవాల్నా? యాడుంటాది, ఫహాహీల్‌లోనా? శుక్రవారం బండిలో దింపుతా."

"అది నీ బండి పోయే దూరం కాదులేన్నా."

ఆ రోజే పెట్టె సర్దుకుంది. అక్కకు ఇష్టమని చెనిక్కాయల పొడి కొట్టి సీసాకు పోసింది. కానీ గంగాదేవి నోట్లో నువ్వుగింజ నానదు. ఊరుగాని ఊళ్లో పట్టింపులేముంటాయిలే అనుకుంది. ప్రయాణం రేపనగా మామాను అడిగేసింది, మ్యూనిక్‌కు మా అక్క వస్తోంది, ఒక్క పూట చూసొస్తానని.

మామా చేతిలో టీ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

"ఖలాస్. నువ్వు రావద్దు. ఇల్లు చూసుకో."

మరునాడు సిద్ధయ్య వాళ్లను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చేసరికి గంగాదేవి పెట్టె ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

"పరాయి దేశంలో పారిపోతావని బయపడిందిలే" అని ఓదార్చాడు. "నెల తిరిగేసరికి మీ అక్కోళ్లు కువైట్‌కు వచ్చేస్తారు గదా. ఏడవాకు."

ఆ మాటకే ఆమెకు ఏడుపు ఎక్కువైంది.

అతను తన గదికి పోయాక అంత పెద్ద ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. పలకరించే దిక్కు లేదు. పొడి సీసా ఒళ్లో పెట్టుకుని, పెరటి గోడకు చేరగిలబడి కూర్చుంది. ఎండకు కాగిన గోడ వీపును కాలుస్తున్నా లేవలేదు.

సొంత అన్నదమ్ములైన రెండిళ్ల యజమానులూ ఆస్తి దగ్గర చెడి, పనివాళ్లు కూడా ఒకరి కంట ఒకరు పడకూడదని, మధ్య తలుపు పీకించి ఇటుకలతో మూయించిన ఆ గోడకు అవతలిదే పెద్దక్క పనిచేసే ఇల్లు.