గుక్కెడు నీళ్ళు

"ఆ గొలుసు మీద చెయ్యి వేశావంటే నా మీద ఒట్టే!" అంది అత్తగారు.

కోడలి చెయ్యి తలుపు గొలుసు దగ్గరే ఆగిపోయింది. బయట అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఒక ముసలాయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, చేతికి కట్టు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు... కళ్ళు తిరుగుతున్నాయి" అంటున్నాడు నీరసంగా.

"పాపం, పెద్దాయన అత్తయ్యా."

"మొన్న టీవీలో చూపించిన దొంగా పెద్దాయనే. ముందు నీళ్ళడుగుతారు. నువ్వు వంటింట్లోకి వెళ్తావు. తిరిగొచ్చేసరికి బీరువా ఉండదు."

"నిలబడడానికే ఓపిక లేని మనిషి బీరువా ఎలా మోస్తాడండీ?"

"మోసేవాళ్ళు కింద వ్యాన్లో ఉంటారు. ఎర్ర రంగుతో సున్నా చుట్టి మరీ చూపించారు!"

ఆ ఇంట్లో టీవీ నోరు మూసుకునేది కరెంటు పోయినప్పుడే. ఎక్కడ ఏ ఘోరం జరిగినా అది తమ వీధి చివరే జరిగినట్టు అత్తగారు గుండెలు బాదుకుంటుంది. చివరికి ఆ దెబ్బ కోడలి మీద పడింది. రక్తపరీక్షల ల్యాబులో ఆమెకి ఉద్యోగం వచ్చింది. సాయంత్రం డ్యూటీ. చేరతారో లేదో ఈ రోజే చెప్పమన్నారు. పెళ్ళయ్యాక అటకెక్కిన చదువు మళ్ళీ కిందికి దిగే రోజొచ్చిందని ఆమె సంబరపడుతుంటే, లోకం నాశనమైపోయింది, చీకటి పడ్డాక గడప దాటడానికి వీల్లేదంది అత్తగారు. మొగుడు మాత్రం నవ్వేశాడు. "అమ్మది టీవీ జబ్బు. నువ్వు చేరు, నేను సర్దిచెప్తా" అని మాటిచ్చి ఆఫీసుకి వెళ్ళాడు.

అత్తగారు తలుపుకున్న చిన్న కంతలో కన్ను పెట్టింది.

"చెప్పులు చూడు. కొత్తవి. కళ్ళు తిరిగేవాడు మాటిమాటికీ మెట్ల పైకి చూస్తాడెందుకు? పైన ఎవడో ఉన్నాడు."

కోడలు కూడా వంగి చూసింది. నిజమే, ముసలాయన పైకి చూస్తున్నాడు. చేతి కట్టు మీద ఒక్క మరకైనా లేదు, ఇందాకే చుట్టినట్టుంది. అత్తయ్య మాటే నిజమా?

ఇంతలో ఆయన గోడ పట్టుకుని జారి, కింద కూలబడ్డాడు.

"ఈయన దొంగైతే ఉద్యోగం మాటే ఎత్తను. కాకపోతే మీరు నన్ను ఆపకూడదు" అంటూ కోడలు చటుక్కున గొలుసు లాగేసింది.

అత్తగారు అప్పడాల కర్ర పట్టుకుని వెనక నిలబడింది. కోడలు చెంబుతో నీళ్ళందించింది. ముసలాయన గటగటా తాగాడు. ఎవరూ మీద పడలేదు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. చూశారా అన్నట్టు అత్తగారి వైపు తిరిగింది.

ముసలాయన మూతి తుడుచుకుని, విసుగ్గా పైకి చూసి అరిచాడు.

"సార్! వీళ్ళూ ఇచ్చేశారు!"

పై మెట్ల మీద నుంచి కెమెరా భుజానేసుకుని ఒకాయన దిగాడు. అత్తగారు కర్ర పైకెత్తింది గానీ, అతని చేతిలోని మైకు మీద తనకిష్టమైన చానెల్ బొమ్మ చూసి దించేసింది.

"ఏం చెప్పమంటారమ్మా" అన్నాడు కెమెరామన్ చెమట తుడుచుకుంటూ. "‘మంట గలిసిన మానవత్వం’ అని ఈ రోజు స్పెషల్. పొద్దున్నించీ తిరుగుతున్నాం, ఎవరిని అడిగినా నీళ్ళిచ్చేవాళ్ళే. ఒకావిడైతే అన్నం పెడతానని కూర్చోబెట్టేసింది. ఇలాగైతే మా ప్రోగ్రాం ఏం కాను? మీరైనా ఒక్కసారి ఛీ పొమ్మని తలుపేసేయండి."

"నేను చచ్చినా వెయ్యను!" అంది కోడలు.

"మొహం కనపడదుగా?" అంది అత్తగారు.

"మసక చేస్తాం. గొంతు కూడా మారుస్తాం. ఇక్కడ తలుపులన్నీ ఒకేలా ఉన్నాయి, ఎవరిల్లో దేవుడికి కూడా తెలీదు."

అత్తగారు జుట్టు సవరించుకుని కోడల్ని పక్కకి నెట్టింది. ముసలాయన మళ్ళీ కళ్ళు తేలేశాడు. "ఛీ, పో అవతలికి!" అని అత్తగారు వేసిన తలుపుకి గోడ మీద గడియారం ఊగిపోయింది. కెమెరామన్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు చాలాసేపు కిలకిలా నవ్వింది. కోడలికి ఒళ్ళు మండింది గానీ, ఆ తర్వాత విన్న మాటకి కోపమంతా ఎగిరిపోయింది.

"ఇలాగా వీళ్ళు వార్తలు వండేది! ఇంతకాలం ఊరికే హడిలిచచ్చాను. దొంగ కాదుగా, మాటంటే మాటే. నువ్వు ఉద్యోగంలో చేరు."

సాయంత్రం మొగుడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అత్తయ్య ఒప్పుకున్నారన్న సంగతి ఆవిడ నోటితోనే చెప్పించాలని కోడలు స్పీకరు నొక్కింది. కానీ అతను ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

"ఇప్పుడే వార్తల్లో చూశానే. ముసలాయన కళ్ళు తిరిగి పడిపోతుంటే, గుక్కెడు నీళ్ళివ్వకుండా మొహాన తలుపేసిందొక రాక్షసి! దాన్ని ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో గానీ, లోకం గురించి అమ్మ చెప్పిందే నిజం. ల్యాబు వాళ్ళకి నేనే ఫోన్ చేసి, నువ్వు రావడం లేదని చెప్పేశాను."