చుట్టు దారి

పినపాకలో బస్సు దిగాక సంపూర్ణకు నోరు పెగల్లేదు.

తాగుడు మానేవాళ్ల మీటింగ్ ఎక్కడని నలుగురిలో ఎట్లా అడగడం? మొగుడు జకర్యా పక్కనే ఉన్నాడు. ఫోన్ చేసి కనుక్కుందామంటే, సెల్లులు ఇంకా కొందరి చేతుల్లోనే ఉన్న రోజులవి.

అందుకే టీ కొట్టతన్ని, "ఆదివారం ప్రార్థన జరిగే ఇల్లు ఏడుందన్నా?" అని అడిగింది.

అతను చర్చి వైపు చెయ్యి చూపించాడు. పోయి చూస్తే లోపల పాటలు పాడుతున్నారు. మీటింగ్ సంగతి చెప్పి పంపిన తమ ఊరి పాస్టరు గుర్తులు చెప్పిన వాగూ లేదు, పెంకుటిల్లూ లేదు. మళ్లీ బస్సు ఆగిన చోటికే వచ్చారు.

జకర్యా మణుగూరు బొగ్గు గనిలో పనివాడు. ఆ వారమంతా చుక్క ముట్టలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేటట్టు చేతులు వణుకుతున్నాయి.

ఈ మీటింగ్‌లో కూర్చోకపోతే బిడ్డ స్తుతిని తీసుకొని బోనకల్‌లో తల్లిగారింటికి పోతానని సంపూర్ణ తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషని అతనికి తెలుసు.

"దొరకలేదు గదా, ఇంటికి పోదాం పా," అన్నాడు జకర్యా.

ఆ మాటలో ఎక్కడో కొంచెం సంతోషం ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

అప్పుడు టీ కొట్టు వైపు నుంచి వచ్చాడు ఒక ముసలాయన. జకర్యా మొహం చూడలేదు. చేతులు చూశాడు.

"మీరు అడిగేది ఆ ప్రార్థన గాదు బిడ్డా. నా యెంట రాండ్రి."

ఇప్పపూలు రాలే కాలం. ఎండ ఎక్కినా చెట్ల కింద పలచటి మంచు ఇంకా కరగలేదు. గాలి తియ్యగా, బరువుగా ఉంది. కాళ్లు నేలకు ఆనుతున్నట్టే లేదు సంపూర్ణకు. ఎవరో కంటున్న కలలో తాము నడిచిపోతున్నట్టుంది.

ఎదురుగా బండ్ల బాట తిన్నగా పోతోంది. ముసలాయన దాన్ని వదిలి వాగులోకి దిగాడు. కాసేపు ఇసుకలో, కాసేపు పాదాలు మునిగే తేటనీళ్లలో. ఒడ్డెక్కి, మళ్లీ దిగి. ఇట్లా ఎందుకు తిప్పుతున్నావని అడిగితే, ఇదే మంచి దారి అన్నాడు.

వెనక నడుస్తున్న సంపూర్ణకు అతని తువ్వాల నుంచి ఇప్పపూల వాసన గుప్పుమంది. నెరిసిన జుట్టులో ఒక పువ్వు చిక్కుకుని ఉంది. వేళ్లు జిగురుగా మెరుస్తున్నాయి.

ఇప్పపూలు ఏరేది సారాకే గదా అనుకుంది.

సారా కాసేవాడు. బేరం కోసం మనిషిని పట్టుకుపోతున్నాడు.

జకర్యాకూ ఆ వాసన తగిలింది. అడుగు నెమ్మదించింది. సంపూర్ణ అతని మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

చివరికి వాగు ఒడ్డున పెంకుటిల్లు కనిపించింది. లోపల చాప మీద నలుగురైదుగురు మగవాళ్లు కూర్చున్నారు. ఒకాయన లేచి వచ్చి, ఏమీ అడగకుండా, జకర్యా భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు.

వాళ్ల వెనకే ముసలాయన కూడా తడిక దాటబోయాడు. సంపూర్ణ అడ్డం నిలబడింది.

"నువ్వు రాకు. నీ సారా వాసన మాకొద్దు. మా ఆయన జోలికొస్తే ఊకోను."

ముసలాయన భుజం మీది తువ్వాల తీసి చంకలో దోపుకున్నాడు.

"అట్లనే బిడ్డా," అని బయటికి జరిగి, తడిక తనే మెల్లగా దగ్గరికి వేశాడు.

కాసేపటికి బతుకమ్మ అనే ఆమె టీ తెచ్చి అరుగు మీద సంపూర్ణ పక్కన కూర్చుంది. ఆమె పెనిమిటి కూడా లోపలే ఉన్నాడు.

లోపల ఒక్కొక్కరూ పేరు చెప్పుకుని, తమ తాగుడు సంగతి చెప్పుకుంటున్నారు. ఒక గొంతు ఆగింది. తర్వాతది ఆమెకు తెలిసిన గొంతే.

"నా పేరు జకర్యా. నేను తాగుబోతును. నాకు మా బిడ్డ గావాలె."

అతను ఏడుస్తున్నాడు. ఎవరూ నవ్వలేదు. సంపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె తేరుకునేదాకా ఆగి బతుకమ్మ ఆ ఇంటి సంగతి చెప్పింది. ఇల్లు వెంకటప్పయ్య అనే ఆయనది. ఒక్కడే కొడుకు. మొదట్లో మీటింగ్ బస్సు ఆగే చోట, బడి వరండాలో జరిగేది. ఆ కొడుకు ఒక ఆదివారం తలంటు పోసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని మీటింగ్‌కు బయలుదేరాడు. బండ్ల బాట పొడుగునా సారా గుడిసెలే. అక్కడ ఆగాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

"గప్పట్నుంచి ఈ ఇల్లు మీటింగ్‌కు ఇచ్చిండు చెల్లే. మానేటోళ్లకు వాసన తగిలితే పాణం గుంజుతదని, ఆదివారం తెల్లారకముందే ఇంటి చుట్టు రాలిన ఇప్పపూలన్నీ ఏరి, దూరంగ పోసొస్తడు."

సంపూర్ణ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఆ ఇంటాయన ఏడున్నడక్కా?" అంది, తనకే వినపడనంత మెల్లగా.

బతుకమ్మ ఆమె మొహం చూడకుండా తడిక వైపు చూసింది.

"నీ ఇంట్లకు నువ్వు రాకపోతే ఎట్ల పెద్దయ్యా అంటే, కొత్తగ వచ్చిన బిడ్డ నన్ను జూసి భయపడ్తున్నది, ఆమె పోయేదాక వాగు అవతల కూసుంటనని పోయిండు."