ఇద్దరు పనిదొంగలు

తడి దుప్పటి పిండబోయి కోడలు పెరటి మెట్టు మీద కూలబడింది.

"మళ్లీ మొదలైందా?" అత్త దుప్పటి లాక్కుంది. "రక్తపరీక్ష బాగుంది, ఎక్స్‌రే బాగుంది. ఒళ్లు వంగకపోతే డాక్టరేం చేస్తాడు!"

"ఇవాళ కొత్త డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది అత్తయ్యా. ఫైబ్రోమయాల్జియా అట. పరీక్షల్లో కనపడదట. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు చితక్కొట్టినట్టే ఉంటుందట."

"అదీ ఒక రోగమేనటే? ఆడపుట్టుకే అంత."

"జాకెట్టు భుజానికి తగిలినా మంట పుడుతుందట. గిన్నె చేతిలోకి ఎందుకు తీసుకున్నామో మరిచిపోతామట."

దుప్పటి పిండుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

"పొద్దున్నే మంచం దిగితే అరికాళ్లు..." అంటూ సగంలో ఆపేసింది.

"గాజుపెంకుల మీద పెట్టినట్టుంటాయి," అని కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది. "మీకెలా తెలుసు?"

అత్త వచ్చి అదే మెట్టు మీద మెల్లగా చతికిలబడింది. పనివేళ ఆవిడ కూర్చోవడం కోడలు ఎన్నడూ చూడలేదు.

"మా అత్త నన్ను పనిదొంగ అనేది," అంది అత్త. "నిజమేననుకున్నాను. అందుకే ఎక్కడా కూర్చోలేదు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. నొప్పి పుడుతుందేమోనని ఆగిపోయింది.

"మందుందా?" అడిగింది అత్త.

"కాస్త ఓర్చుకోవడానికి ఉందట. పూర్తిగా పోదట."

"అయితే పేరు తెలియకపోతేనే బాగుండేది," అంది అత్త. "బద్ధకమే కదా, ఏదో ఒకనాడు వదులుతుందిలే అనుకుంటూ వచ్చాను."