ఫోన్ మూలన పచ్చచుక్క

"నిక్షేపంగా నిలబడి ఉన్న బ్యాటరీ బొమ్మని పడుకోబెట్టారేమిటే వీళ్ళు?"

ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీద పెట్టి వెళ్ళిన తన ఫోన్ ఆయన చేతిలో ఉంది. టైమ్ చూద్దామని తీసినట్టున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని మరీ చూస్తున్నాడు.

"పొద్దున అప్‌డేట్ అయిందండీ. నేనేం చేశాను?"

"కుడిపక్కనున్న గడియారాన్ని ఎడమపక్కకి తోసేశారు. సిగ్నల్ గీతల్ని గుండ్రంగా అరగదీశారు. ఎవరడిగారు వీళ్ళని? ఇదిగో, ఈ మూలన పచ్చచుక్కేమిటి? నిన్న లేదే!"

ఆవిడ తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

సోమవారం ఆయన గొంతుకి ఆపరేషన్. గడ్డ తీసేస్తాం, ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం తిరిగొస్తుందని చెప్పలేం అన్నాడు డాక్టరు. "రాక ఎక్కడికి పోతుంది?" అని ఈయన కొట్టిపారేశాడు. అంత ధైర్యంగా ఉన్న మనిషిని పట్టుకుని, మీ గొంతు దాచుకుంటానండీ అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అడిగితే ఆశ వదులుకున్నట్టే కదా! అందుకే కూతురి దగ్గర రికార్డింగ్ నేర్చుకుని, నాలుగు రోజులుగా దొంగచాటుగా ఆయన మాటలు పట్టుకుంటోంది. నిన్నటిదాకా ఫోన్ గుట్టుగానే ఉంది. ఈ పాడు అప్‌డేట్ వచ్చి, మైకు నడుస్తున్నంతసేపూ చుక్క వెలిగిస్తోంది.

"అదా... ఛార్జింగ్ నిండిందని గుర్తు."

"ముప్పై ఒక్క శాతానికే నిండిందా?"

"అయితే అలంకారానికి పెట్టుంటారు. కొత్త ఫ్యాషనేమో."

ఆయన ఊఁ అని, ఫోన్ బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు చెప్పిన మనిషి. మైకులో ఆ సవరింపు వినపడగానే జనం సామాన్లు ఎత్తుకునేవాళ్ళు. ఇప్పుడదే చప్పుడు వింటే ఆవిడకి ఆ మాయదారి గడ్డే గుర్తొస్తోంది.

ఇక మొదలెట్టాడు. నిలువు బ్యాటరీ గొప్పతనం మీద ఇరవై నిమిషాలు ఏకధాటిగా చెప్పాడు. తక్కువ మాట్లాడమన్నారు కదండీ అని గుర్తుచేయాల్సింది. చేయలేదు. ఆ పాపం తనదే అనుకుంటూ ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టింది.

మర్నాడు ఫోన్ మీద పేపరు కప్పి పెట్టింది.

"ఊపిరాడక చస్తుందే అది," అంటూ ఆయన పేపరు తీసేసి, ఫోన్‌ని తన పక్కకి జరుపుకున్నాడు. మళ్ళీ ఆ సవరింపే. "ప్రయాణికులకు గమనిక. బీపీ మాత్ర వేసుకోవలసిన ఇల్లాలు ఇంకా వంటింట్లోనే నిలిచి ఉన్నారు. రోజూ ఈ వేళకే బయలుదేరవలసిందిగా కోరుతున్నాం."

"చాల్లెండి మీ వేళాకోళం!" అంది కానీ, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆదివారం ఫోన్‌లో గడియారాన్ని తిడుతూ తిడుతూ పాత రోజుల్లోకి వెళ్ళిపోయాడు. "పెళ్ళైన కొత్తలో ఓసారి నాకు క్యారేజీ తెచ్చావు చూడు. కిటికీలోంచి నిన్ను చూస్తూ, మూడో నంబరు ప్లాట్‌ఫారాన్ని రెండనేశాను. సగం రైలు జనం అటూ ఇటూ పరుగో పరుగు!"

"అమ్మమ్మా! ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

సోమవారం ఆపరేషన్ అయింది. ప్రాణానికేం కాలేదు. మూడో రోజు డాక్టరు ఆవిణ్ణి పక్కకి పిలిచి, మాట ఇక రాదమ్మా, ఆయనకి చెప్పాను అన్నాడు.

ఆవిడ వార్డులోకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆయన మెడ చుట్టూ కట్టు, ఒళ్ళో రాసుకునే పలక. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

"మీకు చెప్పకుండా ఓ పని చేశానండీ, తిట్టుకోకండి," అంటూ ఫోన్ తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది. గొంతు సవరింపు వినపడింది. ప్రయాణికులకు గమనిక అంది ఆయన గొంతు.

ఆయన చప్పుడు లేకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఆవిడ కళ్ళు తుడిచి, పలక మీద ఏదో గీకి చూపించాడు.

"చుక్క వెలిగిందో లేదో చూసుకునే గొంతు సవరించుకున్నానే, పిచ్చిదానా."