ఏ రాజమండ్రికి?

"రాజమండ్రి ఒకటివ్వండి," అంది దేవకుమారి. కండక్టరు ఇచ్చిన టికెట్టు మీద రాజమహేంద్రవరం అని ఉంది.

"పేరు మారినా మన నోరు మారలేదు చూడండి," అంది పక్క సీట్లోని సీతారామలక్ష్మి. ఆవిడ తండ్రిగారైతే రాజమహేంద్రి అనేవారట. రాజులేలిన ఊరిని పొట్టి పేరుతో పిలిస్తే కోప్పడేవారట. రావులపాలెంలో బస్సెక్కింది మొదలు ఆవిడ మాట ఆగలేదు. మనవరాలు కౌముది పెళ్ళికి పట్టుచీరలు కొనాలని బయల్దేరింది.

"మీరు ఏ పని మీదమ్మా?"

ఆ వైపు పల్లెల్లో రాజమండ్రి వెళుతున్నామంటే సరిపోదు. నవ్వుతూ చెబితే బట్టల కొట్టుకి. కంగారుగా చెబితే పెద్దాసుపత్రికి. తలకి నూనె లేకుండా, పక్కన పంతులుగారితో కనబడితే రేవులో అస్థికలు కలపడానికి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తే మాత్రం జైలుకి. దేవకుమారి గొంతు తగ్గించింది.

"కిరణ్ కుమార్‌ని ఇవాళ వదులుతున్నారండి. తీసుకురావడానికి."

సీతారామలక్ష్మి మొహం ముడుచుకోలేదు. పక్కకి జరగనూ లేదు. ఒడిలోని స్టీలు క్యారేజీనీ, సంచీలోంచి కనబడుతున్న ఇస్త్రీ చొక్కానీ చూసి ఆవిడ మనసు కరిగింది.

"మరి ఇంత దిగులెందుకమ్మా? సంతోషించాలి గానీ."

జైల్లో ప్రార్థనకి వెళ్ళే పాస్టరుగారితో కిరణ్ అన్న మాట దేవకుమారి చెప్పింది. తనకోసం ఎవరూ రారనీ, బయటికొచ్చి తిన్నగా గోదాట్లోకి దిగుతాననీ అన్నాడట. పాస్టరుగారు నచ్చజెప్పినా తల ఊపలేదట.

"వాడు గేటు దాటేలోపు నేనక్కడ ఉండాలండి. ఇంకో ప్రాణం పోతే తట్టుకోలేను."

కడియపులంక దగ్గర బస్సు ఆగిపోయింది. మొక్కల లోడుతో ఒక లారీ రోడ్డుకి అడ్డంగా తిరిగి ఇరుక్కుపోయింది. దేవకుమారి లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఆమెను మాటల్లో పెడదామని, రాజమండ్రికి కొత్తా అని అడిగింది సీతారామలక్ష్మి.

"నా పెళ్ళి చీరకి వచ్చానండి. మా అబ్బాయిని పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు వచ్చాను. తర్వాత కోర్టుకి. ఒక్కోసారి ఒక్కో ఊరికి వచ్చినట్టుండేది."

ఆసుపత్రి ఎందుకని అడగబోతుంటే దేవకుమారి ఫోను మోగింది. భర్త లాజరు. ఆయన అరుపు పక్క సీటుకి కూడా వినబడింది.

"వాడు నా గుమ్మం తొక్కితే నేను ఇంట్లో ఉండను. చెప్పానంతే."

దేవకుమారి ఫోను కట్టేసి సంచీలో వేసుకుంది.

"మగవాళ్ళ కోపం ఎంతసేపులెండి."

"ఆయన కోపం న్యాయమేనండి," అంది దేవకుమారి.

బస్సు కదిలేసరికి చాలా ఆలస్యమైంది. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగగానే సీతారామలక్ష్మి ఆటో పిలిచి తనూ ఎక్కింది. చీరలు ఎక్కడికీ పోవంది. దారంతా దేవకుమారి పెదవులు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి.

జైలు గేటు ముందు ఎవరూ లేరు. ఇవాళ వదిలినవాళ్ళందరూ వెళ్ళిపోయారని కాపలా పోలీసు చెప్పాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి మాత్రం ఎవరికోసమూ చూడకుండా, గోదావరి గట్టుకి దారి అడిగి నడుచుకుంటూ పోయాడట.

ఆటో వెనక్కి తిరిగింది. సీతారామలక్ష్మి ఒక వైపు, దేవకుమారి ఒక వైపు తలలు బయటికి పెట్టి వెతికారు. చాలా దూరం పోయాక, గుడ్డ సంచీ భుజాన వేసుకుని తల వంచుకుని నడుస్తున్న మనిషి కనబడ్డాడు.

"కిరణూ!"

అతను తిరిగి చూశాడు. ఆమెను చూడగానే వెనకడుగు వేసి గోడకి ఆనుకుపోయాడు.

"ఆటో ఎక్కు. అన్నం తెచ్చాను."

"నేను ఆ ఇంటికి ఎలా వస్తానమ్మా?" అన్నాడు, నేలని చూస్తూ.

దేవకుమారి సంచీలోంచి చొక్కా తీసి, అతని మాసిన బనీను మీదే తొడిగింది. చేతులు పొట్టయ్యాయి. ఆ నీలం గళ్ళు చూసి అతను విప్పబోయాడు. ఆమె విప్పనివ్వలేదు.

"పెట్లో దాచిన చొక్కా. పొట్టయింది," అంది.

సీతారామలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. కొడుకు ఎంత ఎదిగాడో కూడా తెలియని తల్లి కదా అని జాలేసింది. అతని మీద కోపమూ వచ్చింది.

"కన్నతల్లి ఇంత దూరం వస్తే బొమ్మలా నిలబడతావేంటి నాయనా? అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టు."

అతను అక్కడే కూలబడి దేవకుమారి పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. ఆమె అతని భుజాలు పట్టుకుని లేపింది. ఊడిన బొత్తాం పెడుతూ, సీతారామలక్ష్మి వైపు తిరక్కుండానే చెప్పింది.

"నేను కన్నది, ఇతను చంపినవాణ్ణండి."