నొప్పి ఉన్న చోటు

రెండో తరగతి వేదశ్రీ కుడిచేతి బొటనవేలు వాచింది. గుచ్చుకున్న బెంచీ పేడు వాపులో కనబడటం లేదు. పిల్లలందరి మణికట్టుకూ నొప్పి తెలియనివ్వని బ్యాండు ఉంటుంది కనుక, పేడు ఎక్కడుందో వేదశ్రీకీ తెలియదు. ఇప్పుడు దొరక్కపోతే ఆస్పత్రిలో వేలు కోసి తీయించాల్సిందే.

"బ్యాండు తీస్తానమ్మడూ. నొప్పంటే ఎలా ఉంటాదో నువ్వెరగవు. భయమా?" అంది స్కూలు నర్సు కరుణమ్మ.

"తీసెయ్యండి సిస్టరమ్మా."

కరుణమ్మ బ్యాండు విప్పి, పిన్నీసు మొనతో వేలి మీద ఒక్కోచోటా నొక్కింది. వేదశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.

"ఇక్కడే."

అక్కడే ఉంది. కరుణమ్మ పేడు లాగేసి, దూది అద్ది, బ్యాండు అందుకుంది.

"అప్పుడే పెట్టకండి," అంది వేదశ్రీ. "నేనే కనిపెట్టానని క్లాసులో చెప్పాలి. నొప్పి పోకముందే చెప్పాలి."